గిటార్, సింథ్, లాప్‌టాప్ ట్రాక్‌లు కలిస్తే స్టేజి మీద ముద్ద ఎందుకవుతుంది?

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మీది నలుగురి బ్యాండ్. గిటార్ ముందు తొమ్మిది పెడల్స్ (కాలితో నొక్కి సౌండ్ మార్చే డబ్బాలు), ఒక సింథ్ (కరెంటుతో స్వరాలు పుట్టించే కీబోర్డు), లాప్‌టాప్‌లో ముందే రికార్డు చేసిన ట్రాక్‌లు. ఆస్ట్రేలియా బ్యాండ్ టేమ్ ఇంపాలా లాంటి సౌండ్ కావాలంటున్నావు. అంటే రాక్ బ్యాండ్‌లా గట్టిగా కొట్టాలి, సైకడెలిక్‌గా, అంటే మత్తులో ఉన్నట్టు తేలాలి, మధ్యలో క్లబ్‌లో లాగా ఎలక్ట్రానిక్ బీట్ కూడా పడాలి. ప్రాక్టీస్ గదిలో బ్రహ్మాండంగా ఉంటోంది, స్టేజి ఎక్కగానే అంతా ముద్ద ముద్ద. ఇంకో మంచి రివర్బ్ పెడల్ (పెద్ద హాల్లో మోగినట్టు చేసేది) కొనాలా, సింథ్ మార్చాలా అని నీ ప్రశ్న.

రెండూ వద్దు. ముందు డబ్బులు జేబులోనే ఉంచు.

నా సంగతి ఒక్క ముక్క చెప్తాను, ఎవడీయన అనుకోకుండా. ఏడేళ్లు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో ఆక్టోప్యాడ్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్) వాయించాను. తర్వాత పదిహేనేళ్లుగా లైవ్ సౌండ్ చేస్తున్నాను. సినిమా పాటల ప్రోగ్రాములూ చేశాను, మీలాంటి కుర్రాళ్ల బ్యాండ్‌లకూ చేశాను. మీ జబ్బు నాకు బాగా తెలిసిన జబ్బే.

ఈ రకం సంగీతంలో అన్నీ తేలకూడదు. స్టేషన్‌లో మన రైలు ఆగి ఉన్నప్పుడు పక్క పట్టాల మీద బండి కదిలితే మనమే కదిలినట్టు కడుపులో ఒక తిప్పు వస్తుంది చూడు. ప్లాట్‌ఫాం మీద స్తంభం కనపడిందాకా ఎవరు కదిలారో తేలదు. సైకడెలిక్ సంగీతం ఇచ్చే మత్తు ఆ తిప్పే. కాకపోతే స్తంభం కూడా కనపడుతూ ఉండాలి. మీ బ్యాండ్‌లో స్తంభం లేదు. గిటార్‌కి రివర్బ్, సింథ్‌కి రివర్బ్, గొంతుకి డిలే (ప్రతిధ్వనిలా మళ్లీ మళ్లీ వినిపించేది), లాప్‌టాప్‌లో డ్రమ్ ట్రాక్‌కి కూడా రివర్బ్ వేసి బయటికి తీశామని రాశావు. ఇక నిలబడింది ఏముంది?

నువ్వు చెప్పిన టేమ్ ఇంపాలానే తీసుకుందాం. బ్యాండ్ అంటాం గానీ రికార్డుల్లో దాదాపు అంతా కెవిన్ పార్కర్ ఒక్కడే. ఆస్ట్రేలియా పడమటి కొసన పెర్త్ అతని ఊరు. అక్కడి నుంచి దగ్గర్లోని పెద్ద నగరం అడిలైడ్ పోవాలన్నా రెండు వేల కిలోమీటర్ల పైమాటే. అంత మూలన కూర్చుని ఇంట్లో చేసుకున్న పాటలు ఇంటర్నెట్‌లో పెడితే 2008లో ఒక రికార్డు కంపెనీ తీసుకుంది. 2010లో ఇన్నర్‌స్పీకర్, 2012లో లోనరిజం, 2015లో కరెంట్స్. వీటిని ఒక రోజు వరసగా పెట్టుకుని విను, మధ్యలో ఫోన్ చూడకుండా. మొదటిదాంట్లో గిటారే రాజు. గిటార్‌ని గరగరలాడించే ఫజ్, సౌండ్‌ని తిప్పే ఫేజర్, పొగలో నడిచినట్టుంటుంది. రెండోదాంట్లో సింథ్‌లు మెల్లగా కుర్చీ వేసుకుని కూర్చుంటాయి. మూడోదానికొచ్చేసరికి గిటార్ ఎక్కడుందో చెవులు రిక్కించి వెతుక్కోవాలి. ఐదేళ్లలో రాక్ నుంచి డాన్స్ ఫ్లోర్ అంచుకి వచ్చేశాడు. మొన్న 2025 ఆల్బమ్ డెడ్‌బీట్‌కైతే ఆస్ట్రేలియా అడవుల్లో రాత్రంతా జరిగే రేవ్ పార్టీలే ప్రేరణ అని చెప్పుకున్నాడు.

ఆ మొదటి మూడింట్లోనూ మారనిది ఒకటుంది. డ్రమ్స్. పొడిగా, చెవి పక్కనే కొట్టినట్టు, కంప్రెసర్‌తో (సౌండ్ హెచ్చుతగ్గుల్ని సమం చేసేది) బాగా నొక్కి పట్టినట్టు ఉంటాయి. పక్కనే బాస్ పాట పాడుతున్నంత స్పష్టంగా నడుస్తుంది. ఆ రెండూ స్తంభాలు. గొంతు, గిటార్, సింథ్ ఎంత కొట్టుకుపోయినా వినేవాడి తల ఊగడం ఆగదు. పార్కర్ చిన్నప్పుడు మొదట పట్టింది డ్రమ్సే. ఆ సంగతి రికార్డు వింటే చెప్పకుండానే తెలుస్తుంది.

ఇది అతను కనిపెట్టిందేమీ కాదు. 1966లో బీటిల్స్ టుమారో నెవర్ నోస్ చేసినప్పుడు కింద తంబూరా, దాని మీద రింగో స్టార్ డ్రమ్స్ మొదటి నుంచి చివరిదాకా ఒకటే వరస. ఆ పైన ఒకే ముక్క తిరుగుతూ ఉండే టేప్ లూపులు, గుండ్రంగా తిరిగే లెస్లీ స్పీకర్‌లోంచి పంపిన జాన్ లెనన్ గొంతు, ఏవేవో కూతలు. పైన ఎంత గందరగోళం ఉన్నా కింద ఇసుమంత కదలిక లేదు. మన కచేరీల్లో తంబూరా ఎందుకుంటుందో నీకు వేరే చెప్పాలా? 1968లో న్యూయార్క్‌లో సిల్వర్ యాపిల్స్ అని ఇద్దరు ఇంకో అడుగు ముందుకేశారు. ఒకడు ఎలక్ట్రానిక్ స్వరాలు పుట్టించే ఆసిలేటర్ల గుట్ట ముందు కూర్చుంటాడు, ఇంకొకడు డ్రమ్స్. అంతే బ్యాండ్. ఇప్పుడు విన్నా నిన్ననే చేసినట్టుంటుంది.

మనవాళ్లలో చరణ్‌జిత్ సింగ్ సంగతి నీకు తెలిసే ఉండాలి. తెలియకపోతే ఈ రాత్రే విను. బొంబాయి సినిమా రికార్డింగుల్లో వాయించిన ఆయన. 1982లో రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్, టీబీ-303 బాస్ మెషీన్, జూపిటర్-8 సింథ్ పెట్టుకుని రాగాలు వాయించి టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్ అని ఒక రికార్డు వదిలాడు. అప్పుడు పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా నోరు తెరిచింది. అందులో మెషీన్ ఒక్క వెంట్రుకవాసి కూడా పక్కకి జరగదు. దాని మీద భైరవ్ రాగం మెలికలు తిరుగుతుంది. మెషీన్ జరగదు కాబట్టే మెలిక అంత బాగా వినపడుతుంది.

ఇప్పుడు మీ ముద్ద సంగతికొస్తాను.

గదిలో బాగుండి స్టేజి మీద పాడవడానికి పెద్ద కారణం గదే. మీ ప్రాక్టీస్ గది పన్నెండడుగులు ఉంటుందేమో. కింద కార్పెట్, గోడలకి ఫోమ్, మూడడుగుల దూరంలో ఆంప్. ఆ గది సౌండ్‌ని మింగేస్తుంది, అందుకని మీరు పెడల్‌లో రివర్బ్ పెంచుకుంటారు, తీపి తక్కువైన టీలో చక్కెర వేసుకున్నట్టు. మీ షోలు ఎక్కడ? కాలేజీ ఆడిటోరియంలు, ఫంక్షన్ హాళ్లు. కింద గ్రానైట్, పక్కన గాజు, పైన రేకు. చప్పట్లు కొట్టి చూడు, రెండు సెకన్లు మోగుతుంది. ఆ టీలో చక్కెర ముందే ఉంది తమ్ముడూ. దాంట్లో మీరు ఇంకో నాలుగు చెంచాలు వేస్తున్నారు. స్టేజి మీదికి వచ్చినప్పుడు అన్ని రివర్బ్‌లూ సగానికి దించండి. హాలు ఎంత ఇస్తుందో చూసి, కావాలంటే అప్పుడు పెంచుకోండి. డ్రమ్ ట్రాక్‌కి వేసి బయటికి తీసిన రివర్బ్ మాత్రం దించడానికి కుదరదు. కాబట్టి ఆ ట్రాక్ మళ్లీ పొడిగా తీసుకోండి.

రెండోది కింది చప్పుడు. బాస్ గిటార్ అన్నిటికన్నా లావు తీగ 41 హెర్ట్జ్, మామూలు గిటార్‌ది 82. కిక్ డ్రమ్ గుండె మీద కొట్టేది కూడా ఆ చుట్టుపక్కలే. అంటే ఆ సందులో ఇప్పటికే బాస్, కిక్ ఇద్దరూ కాపురముంటున్నారు. అక్కడికి మీ సింథ్ ఎడమ చెయ్యి, లాప్‌టాప్‌లోని సబ్ బాస్, గిటార్ ఫజ్ గురగుర అన్నీ వచ్చి పడుతున్నాయి. మిక్సర్‌లో గిటార్‌కి 100 హెర్ట్జ్ దగ్గర, సింథ్ ప్యాడ్‌కి (పరుచుకునే పొడుగు స్వరాలకి) 200 దగ్గర లో కట్ (ఆ అంకె కింది చప్పుడు కోసేది) పెట్టమని సౌండ్ అతన్ని అడగండి. ఇంకా మంచి మార్గం, సింథ్ వాయించే కుర్రాడి ఎడమ చెయ్యి జేబులో పెట్టించండి. నవ్వకు, నిజంగానే చెప్తున్నాను. ఒక బ్యాండ్‌తో నేను రిహార్సల్లో ఇదే చేయించాను. మొదటి పాటలోనే బాస్ కుర్రాడు తిరిగి చూసి, ఇన్నాళ్లకి నేను నాకు వినపడ్డాను అన్నాడు.

మూడోది టైమ్. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే రాక్ వాళ్లూ ఎలక్ట్రానిక్ వాళ్లూ కలిసినప్పుడు కొట్లాట వచ్చేది ఇక్కడే. మెషీన్ టైమ్ కొలబద్ద, మనిషి టైమ్ ఊపిరి. ఎవరు ఎవరి వెనక నడవాలో ముందే తేల్చుకోవాలి. మీరు అది తేల్చుకోలేదు. డ్రమ్మర్ ఒక దారి, సింథ్ ఆర్పెజియో (ఒక్కొక్క స్వరంగా తిరిగే వరస) ఒక దారి, గిటార్ డిలే వాడి ఇష్టం. ఒక పాటలో ఒక్క గడియారమే ఉండాలి. లాప్‌టాప్ గడియారమైతే డ్రమ్మర్ చెవిలో క్లిక్ (తాళం టిక్కులు) పెట్టాలి, సింథ్‌కి మిడి క్లాక్ (యంత్రాలని ఒకే వేగంతో నడిపే సంకేతం) వెళ్లాలి, అంటే ఒక్కో బీట్‌కి 24 టిక్కులు. డిలే పెడల్ కూడా ఆ లెక్కకే రావాలి. లెక్క చిన్నదే. 60,000ని బీపీఎంతో (నిమిషానికి ఎన్ని బీట్లో ఆ అంకెతో) భాగించు. పాట 96లో ఉంటే 625 మిల్లీసెకన్లు, అది ఒక బీట్. దాంట్లో ముప్పావు తీసుకుంటే 469. నీకు కావలసిన ఆ పరిగెత్తే డిలే అదే. చెవితో తిప్పి 450 దగ్గర వదిలేశావనుకో, మొదటి ప్రతిధ్వని బాగానే ఉంటుంది. తర్వాతివి ఒక్కోటీ ఇంకాస్త ముందుకి జరిగి స్నేర్ డ్రమ్‌తో కొట్లాడతాయి. వినేవాడికి తప్పేంటో తెలీదు, చిరాకు మాత్రం తెలుస్తుంది.

గడియారం డ్రమ్మర్ అయితే ఇంకో రకం. లాప్‌టాప్‌లో పాట మొత్తం ట్రాక్‌గా పెట్టకుండా ముక్కలుగా చేసి శాంపిల్ ప్యాడ్‌లో (కొడితే రికార్డు చేసిన ముక్క మోగే ప్యాడ్) వేసి, డ్రమ్మర్ కర్రతోనే కొట్టించాలి. నాకైతే ఇదే ఇష్టం. పక్షపాతం అనుకో. పెళ్లి ఆర్కెస్ట్రాలో మేం చేసింది అదే. సింగర్ పల్లవి ఇంకోసారి అందుకుంటాడు, పెళ్లికొడుకు స్నేహితులు స్టేజి ఎక్కి ఆ బిట్ మళ్లీ కావాలంటారు, కరెంట్ పోతుంది, వస్తుంది. ట్రాక్ పెట్టుకుని కూర్చుంటే ఇవేవీ కుదరవు. ఆక్టోప్యాడ్ మీద అయితే ఎవరు ఎక్కడికి పోయినా వెంటనే అందుకోవచ్చు. మీ నగరం బ్యాండ్‌ల కుర్రాళ్లు ఆర్కెస్ట్రా వాళ్లని చిన్నచూపు చూస్తారు గానీ, ఎలక్ట్రానిక్ చప్పుళ్లని మనిషి చేత్తో లైవ్‌లో వాయించడం మన ఊళ్లలో నలభై ఏళ్ల నాటి విద్య. ఒక ఆదివారం మీ దగ్గర్లో ఏ రిసెప్షన్‌కైనా వెళ్లి ప్యాడ్స్ అతని పక్కన నిలబడు. భోజనం కూడా దొరుకుతుంది.

లాప్‌టాప్ గురించి నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్తాను. కొన్నేళ్ల కింద ఒక కాలేజీ ఫెస్ట్‌లో మీలాంటి బ్యాండ్‌కి ట్రాక్‌లు నా లాప్‌టాప్‌లోంచే నడిపాను. ప్లగ్ పెట్టగానే స్పీకర్లలో గుయ్యిమని హమ్. ప్లగ్ పాయింట్‌లో ఎర్త్ సరిగా లేదు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ ఒకటి మధ్యలో పెడితే పోయేది, బ్యాగ్‌లో ఉంది కూడా. బద్ధకించి చార్జర్ పీకేశాను. హమ్ పోయింది, భలే అనుకున్నాను. మూడో పాట నడిమధ్యలో బ్యాటరీ చచ్చిపోయింది. ట్రాక్, సింథ్ క్లాక్, డ్రమ్మర్ చెవిలో క్లిక్ అన్నీ ఒకేసారి మాయం. నా ఒళ్లంతా చెమట. గిటార్ కుర్రాడి డిలే మాత్రం ఆఖరి ముక్కనే పట్టుకుని తిరుగుతోంది, తిరుగుతోంది, తిరుగుతోంది. డ్రమ్మర్ తెలివైనవాడు. నాలుగు బార్లు చేతులు కట్టుకుని కూర్చుని, ఆ డిలేనే క్లిక్‌గా పట్టుకుని ఢమాలున దిగాడు. హాలు దద్దరిల్లింది. అయిపోయాక ఒక కుర్రాడు నా కన్సోల్ దగ్గరికొచ్చి, అన్నా ఆ గ్యాప్ ఏం ప్లాన్ చేశారన్నా అన్నాడు. అవును అన్నాను, ఇంకేం అంటాను.

కరెంట్స్ మొదటి పాట లెట్ ఇట్ హ్యాపెన్ విన్నావు కదా, ఏడు నిమిషాల పైచిలుకు. మధ్యలో సీడీ గీత పడి ఇరుక్కున్నట్టు ఒకే ముక్క కొట్టుకుంటుంది. మొదటిసారి వినేవాడు ఫోన్ పాడయిందేమో అనుకుంటాడు. అక్కడ కొత్త సింథ్ లేదు, కొత్త పెడల్ లేదు. ఎలక్ట్రానిక్ వాళ్ల ఎడిటింగ్ తెలివిని రాక్ పాట నడిమధ్యలో పెట్టాడు, అంతే. రెండు శైలులు కలపడమంటే రెండు రకాల వాద్యాలు ఒకేసారి మోగించడం అనుకుంటున్నారు మీరు. ఒకడి ఆలోచన ఇంకొకడి వాద్యంతో చెయ్యడం కూడా కలపడమే.

పెడల్స్ వరస అడిగావు. పుస్తకాల్లో ఫజ్ ముందు, డిలే, రివర్బ్ చివర అని ఉంటుంది. పార్కర్ డిలే, రివర్బ్‌లని ఫజ్‌కి ముందు పెడతాడని చాలామందికి తెలుసు. అలా పెడితే ప్రతిధ్వని తోకలు కూడా ఫజ్‌లో నలిగి ఒక గోడలా వస్తాయి. అద్భుతంగా ఉంటుంది. కానీ ఆ గోడ ముందు ఇంకేమీ నిలబడదు, అది గుర్తుంచుకో. పాటలో ఒక్క చోట వాడు, ఆ చోట సింథ్‌ని నోరు మూసుకోమను. ఫేజర్ అయితే ఒక్కటి చాలు. నీ దగ్గర ఫేజర్, యూనివైబ్ క్లోన్, కోరస్, ఫ్లాంజర్ నాలుగూ ఉన్నాయంటున్నావు, అన్నీ సౌండ్‌ని తిప్పేవే. అసలు యూనివైబ్ అంటే డబ్బాలో ఒక చిన్న బల్బు వెలిగి ఆరుతుంటే చుట్టూ నాలుగు ఫోటోసెల్స్ దాన్ని చూస్తూ సౌండ్‌ని తిప్పడం. ఒక బల్బు మీద అన్నేళ్ల సంగీతం నడిచింది. నాలుగు డబ్బాలు నాలుగు వేగాలతో తిరిగితే తిప్పు రాదు, తలనొప్పి వస్తుంది.

స్టీరియో గురించి చిన్న మాట. హెడ్‌ఫోన్లలో సింథ్ ఎడమా కుడీ వెడల్పుగా పరుచుకుని భలే ఉంటుంది. చిన్న హాళ్లలో సిస్టమ్ చాలాసార్లు మోనోలోనే ఉంటుంది. ఎడమా కుడీ ఒకటైపోయినప్పుడు స్టీరియో కోరస్ వేసిన ప్యాడ్ సగం పల్చబడిపోతుంది, కొన్నిసార్లు పాట వెనక్కి వెళ్లి దాక్కుంటుంది. ఇంట్లోనే మోనో బటన్ నొక్కి విని చూసుకోండి. మోనోలో బాగుంటే ఎక్కడైనా బాగుంటుంది.

నీ బ్యాండ్ నమూనా కోసం టేమ్ ఇంపాలా కన్నా గ్లాస్ బీమ్స్‌ని ఎక్కువ చూడమంటాను. మెల్‌బోర్న్ వాళ్లు, ముగ్గురే, ముసుగులు వేసుకుని వాయిస్తారు. మొదలుపెట్టిన రాజన్ సిల్వా తండ్రి భారతదేశం నుంచి వెళ్లినాయన. 2021లో మిరాజ్, 2024లో మహల్, రెండూ చిన్న ఈపీలే (కొన్ని పాటల రికార్డులే). బాస్, డ్రమ్స్ పొడిగా తిరుగుతూ ఉంటాయి. వాటి మీద ఒక్క గిటార్ గీత మన పాటల వాసనతో వంకరగా పోతుంది. సింథ్ వస్తే ఎందుకొచ్చిందో తెలుస్తుంది. ముగ్గురితో హాలు నిండుతుందంటే అందులో ఖాళీ ఎంత ఉందో లెక్క వేసుకో. పార్కర్‌లాగా ఒక్కడే ఇంట్లో కూర్చుని నలభై ట్రాక్‌లు పేర్చడం వేరు, నలుగురు ఎనిమిది చేతులతో స్టేజి మీద వాయించడం వేరు. అతను కూడా స్టేజి ఎక్కాలంటే మళ్లీ మనుషుల్ని పక్కన పెట్టుకుని పాటలు పంచుకోవలసిందే.

ఈ వారం ఒక్క పాట తీసుకోండి. మొదటి రోజు డ్రమ్స్, బాస్, గొంతు మాత్రమే. రివర్బ్ సున్నా. పాట అలా నిలబడకపోతే ఆ తప్పు పాటదే, సౌండ్‌ది కాదు. నిలబడితే రెండో రోజు సింథ్ ఒంటి చేత్తో. మూడో రోజు గిటార్, మూడు పెడల్స్‌తో. లాప్‌టాప్ ఆఖర్న, ఏ ముక్క లేకపోతే పాట కుంటుతుందో ఆ ముక్క మాత్రమే. రికార్డ్ చేసేటప్పుడు ఫోన్ గదిలో పెట్టకండి. తలుపు మూసి బయట వరండాలో పెట్టండి. తలుపు ఇవతలి నుంచి కూడా కిక్, బాస్ వేరువేరుగా తెలుస్తుంటే మీ పని సగం అయిపోయినట్టే.

ఆ వరండా రికార్డింగే ఇక్కడ పెట్టు, వింటాను. తొమ్మిదిలో ఏ ఆరు పెడల్స్ తీసి పక్కన పెట్టావో కూడా రాయి.